చెలక వేసే మార్కులు

మృగశిర కార్తె దగ్గర పడిందంటే చాలు, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో విత్తనాల దుకాణాల ముందు సందడి మొదలవుతుంది. రంగురంగుల పత్తి సంచులు అద్దాల వెనక వరుసగా నిలబడతాయి. ఒకదాని మీద మనిషెత్తు మొక్క. మరోదాని మీద అరచేతి నిండా విచ్చుకున్న కాయ. ఇక దుకాణం ముందు మాటలు ఎలా ఉంటాయో ఈ జిల్లాల వాళ్లకి చెప్పనక్కర్లేదు.

"ఈసారి ఏం గింజలు పెడుతున్నవే బావా?"

"పోయినేడు మీ తమ్ముడు పెట్టినయే. మంచిగ కాసినయి గదా!"

అంతే! ఆర్నెల్ల కష్టం, అప్పు తెచ్చిన పెట్టుబడి ఆ ఒక్క మాట మీద నడిచిపోతాయి. 2025లో ప్రభుత్వం ఖరారు చేసిన ధర ప్రకారం 475 గ్రాముల బీటీ పత్తి సంచి 901 రూపాయలు. దుక్కి, ఎరువులు, మందులు, కలుపు కూలి, ఏరే కూలి... వీటితో పోలిస్తే అది చిన్న ఖర్చే. కానీ గింజ ఎంపిక తప్పితే మిగతా ఖర్చులన్నీ తప్పిన లెక్కలోకే వెళ్తాయి.

ఇంతకీ ఒక పత్తి రకం మంచిదని ఎవరు తేలుస్తారు? ఎక్కడ తేలుస్తారు? ఆ 'ఎక్కడ' అన్న మాటే మన ఎర్ర చెలకల రైతుకు ప్రాణం.

గుంటలో ఎకరం లెక్క

పిల్లలకు పరీక్షలున్నట్టే పత్తికీ పరీక్షలున్నాయి. ఒక మడిలో కొత్త రకం, పక్క మడిలో మరో రకం, ఇంకో మడిలో అప్పటికే రైతులకు బాగా తెలిసిన పాత రకం వేస్తారు. పోలిక కోసం పెట్టే ఆ పాత రకాన్ని శాస్త్రవేత్తలు 'చెక్' అంటారు. పాతదాన్ని దాటకపోతే కొత్తదానికి పాస్ మార్కుల్లేవన్నమాట.

ఇక్కడో చిక్కుంది. ఏ చేనైనా అంతటా ఒకేలా ఉండదు. ఒక మూల కాస్త మెత్తటి మట్టి, మరో మూల గులకరాళ్లు. ఒక పక్క పశువుల దొడ్డి ఉండేది కాబట్టి బలం ఎక్కువ. అటు పడిన రకం అదృష్టం కొద్దీ గెలిచేస్తే? అందుకే ప్రతి రకాన్నీ మూడు, నాలుగు చోట్ల వేస్తారు. ఏది ఎక్కడ రావాలో చీటీలు తీసినట్టు నిర్ణయిస్తారు. 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో ఆర్.ఎ.ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతి ఇది. నేటికీ ప్రపంచమంతా వాడుతున్నది దాన్నే.

అంచు సాళ్లను లెక్కలోకి తీసుకోరు. గాలి, వెలుతురు ఎక్కువ తగిలి అక్కడ మొక్కలు బాగా కాస్తాయి. మధ్య సాళ్లలో ఏరిన పత్తినే తూచి, ఎకరాకో హెక్టారుకో లెక్క కడతారు. మన భాషలో చెప్పాలంటే, గుంట మడిలో 20 కిలోలు వస్తే 40తో గుణించి ఎకరాకు 8 క్వింటాళ్లు అంటారు. చూశారా... ఆ మడిలో ఒక్క కిలో అటూ ఇటూ అయినా ఎకరా లెక్కలో 40 కిలోల తేడా వస్తుంది. మళ్లీ మళ్లీ, చోట్లు మార్చి, ఏళ్లు మార్చి వేసి చూడటం అందుకే.

ఈ పని దేశమంతటా ఒక పద్ధతిలో సాగడానికి 1967లో అఖిల భారత సమన్వయ పత్తి పరిశోధన పథకం మొదలైంది. కోయంబత్తూరు దానికి కేంద్రం. దేశాన్ని ఉత్తర, మధ్య, దక్షిణ మండలాలుగా విడదీసి, ఒక్కో మండలంలో అనేక కేంద్రాల్లో ఒకే ఏడాది ఒకే రకాలను వేసి చూస్తారు. తెలుగు నేల దక్షిణ మండలంలో ఉంది. గుంటూరు దగ్గరి లాం, నంద్యాల, వరంగల్, ఆదిలాబాద్, ముధోల్... పత్తి పరిశోధనకు పేరున్న ఊళ్లివి. తెల్లదోమను తట్టుకునే 'కాంచన' లాంలో పుట్టింది. రైతులకు బాగా దగ్గరైన 'నరసింహ' నంద్యాల బిడ్డ.

ఈ రెండు ఊళ్లలోనూ ఉన్నది నల్లరేగడి. ఒక పెద్ద వాన పడితే వారాల తరబడి తడిని దాచుకునే నేల. మరి మన దగ్గరో?

వాన ఆగితే మొక్క ఆగుతుంది

దక్షిణ తెలంగాణ మండలానికి వ్యవసాయ పరిశోధనలో పెద్ద దిక్కు పాలెం. అప్పటి మహబూబ్‌నగర్, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న ప్రాంతీయ పరిశోధన స్థానమది. ఈ మండలంలో నేల ఎక్కువగా ఎర్ర చెలక, దుబ్బ. ఏడాది సగటు వాన 600 నుంచి 750 మిల్లీమీటర్ల దాకా. ఒకప్పుడు ఆముదం, జొన్న, కంది పండిన నేలలు. ఆముదం అంటే దేశంలోనే ఈ రెండు జిల్లాల పేరు వినిపించేది. ఇప్పుడా చెలకల్లో కనుచూపు మేర పత్తే. తెలంగాణలో ఏటా 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తుంటే, ముందువరుసలో నిలిచే జిల్లాల్లో నల్గొండ ఒకటి.

చెలకలో లోతు తక్కువ. పడిన నీరు త్వరగా దిగిపోతుంది. రెండు వారాలు వాన లేకపోతే మొక్క వాడు ముఖం పెడుతుంది. అక్టోబరులో వానలు వెనుదిరిగాక ఇక కొత్త కాయ నిలవడం కష్టం. రేగడిలో జనవరి దాకా నిదానంగా కాసి ఎక్కువ దిగుబడినిచ్చే రకం చెలకలో సగం కాపుకే అలసిపోతుంది. త్వరగా పూసి, త్వరగా కాసి, వాన ఉన్నప్పుడే పని ముగించుకునే రకం అక్కడ గెలుస్తుంది. అంటే ఒకే రెండు రకాలకు రేగడి ఒక ర్యాంకు ఇస్తే, చెలక ఇంకో ర్యాంకు ఇస్తుంది. రెండూ అబద్ధం చెప్పడం లేదు. ప్రశ్నపత్రాలు వేరు, అంతే!

పురుగుల సంగతీ అంతే. ఆకు మీద నూగు ఎక్కువుంటే పచ్చదోమకు అడ్డంకి. అదే నూగును తెల్లదోమ ఇష్టపడుతుంది. ఏ ఊళ్లో ఏ దోమ బెడద ఎక్కువో తెలియకుండా ఆ రకం మంచిదా, కాదా అంటే ఎవరు చెప్పగలరు?

2002 నేర్పిన పాఠం

ఈ 'ఎక్కడ' అన్న ప్రశ్నను పట్టించుకోకపోతే ఏమవుతుందో మన రాష్ట్రం కళ్లారా చూసింది.

1998లో తొమ్మిది రాష్ట్రాల్లో 40 చోట్ల బీటీ పత్తికి పొలం పరీక్షలు జరిగాయి. నాలుగేళ్ల వాదోపవాదాల తర్వాత 2002 మార్చి 26న కేంద్రంలోని జెనెటిక్ ఇంజినీరింగ్ అనుమతుల కమిటీ మహికో సంస్థకు చెందిన మూడు హైబ్రిడ్లకు పచ్చజెండా ఊపింది. మెక్-12, మెక్-162, మెక్-184. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ప్రఖ్యాత 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసింది మతిన్ ఖైమ్, డేవిడ్ జిల్బర్‌మన్. 2001లో 157 పొలాల్లో జరిగిన పరీక్షల్లో బీటీ హైబ్రిడ్లు, బీటీ లేని అవే హైబ్రిడ్ల కన్నా 80 శాతం ఎక్కువ దిగుబడినిచ్చాయని దాని సారాంశం. ప్రపంచమంతా ఆ అంకె మారుమోగింది.

ఆ 157 పొలాలు ఎక్కడివి? మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, తమిళనాడువి. తెలుగు రైతు పొలం అందులో ఒక్కటీ లేదు. పైగా 2001 కాయతొలుచు పురుగు విరుచుకుపడిన ఏడాది. పురుగు ఎక్కువున్నప్పుడే దాన్ని ఆపే గింజ గొప్పగా కనిపిస్తుంది.

2002 వానాకాలం వచ్చింది. దేశమంతా కరవు. తొలిసారి బీటీ వేసిన మన రైతుల్లో చాలామందికి కాయ చిన్నదైంది, చెట్టు ముందే ఎండింది. వరంగల్ ప్రాంతంలో అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి చేసిన అధ్యయనం రైతుకు నష్టమే మిగిలిందని చెప్పింది. విశేషమేమిటంటే, ఖైమ్ బృందమే ఆ ఏడాది రైతుల పొలాల్లో సర్వే చేసి 2006లో ఫలితాలు ప్రచురించింది. నాలుగు రాష్ట్రాల సగటు చూస్తే బీటీకి 34 శాతం ఎక్కువ దిగుబడి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం పెరుగుదలే లేదు! కరవుతో పాటు ఆ హైబ్రిడ్లు ఇక్కడి పరిస్థితులకు సరిపడకపోవడమే కారణమని వాళ్లే రాశారు.

2005 మేలో ఆ మూడు హైబ్రిడ్లకూ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించడానికి కమిటీ నిరాకరించింది. కానీ కథ అక్కడ ఆగలేదు. అదే బీటీ జన్యువు బన్ని, మల్లిక, ఆర్‌సీహెచ్-2 వంటి వేరే హైబ్రిడ్లలోకి ఎక్కి వచ్చింది. రైతులు వాటిని అక్కున చేర్చుకున్నారు. కొద్ది ఏళ్లలోనే పత్తి చేలన్నీ బీటీ అయిపోయాయి.

జన్యువు ఒకటే. ఒక ఒంట్లో ఓడింది, ఇంకో ఒంట్లో నిలిచింది. బీటీ అనేది కాయతొలుచు పురుగుకు వేసిన తాళం మాత్రమే. వేరు ఎంత లోతు పోతుంది, బెట్టను ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది, కాయ ఎంత తూగుతుంది అన్నవి ఆ హైబ్రిడ్ పుట్టుక మీద ఆధారపడతాయి. అవి తేలాల్సింది మన నేలలోనే. ఆ తాళమూ శాశ్వతం కాదని గులాబీ రంగు పురుగు తర్వాతి ఏళ్లలో రుజువు చేసింది.

పింజలో ఏముంది?

ఇప్పటిదాకా బరువు గురించి మాట్లాడుకున్నాం. బట్ట కట్టేవాళ్లకు కావలసింది పింజ.

ఒక్క క్షణం మీ దిండులోంచి దూది పోగు ఒకటి లాగి చూడండి. అందులో ఒక్కో పోచ ఒకే ఒక్క కణం! పత్తి గింజ పైపొర మీద పుట్టి పొడవుగా సాగిన కణం. పువ్వు పూసిన తర్వాత దాదాపు మూడు వారాలు అది పొడవు పెరుగుతుంది. ఆ తర్వాతి మూడు వారాలు లోపలి గోడ మందం పెరుగుతుంది. మొదటి దశలో నీరు కరవైతే పింజ పొట్టిగా మిగులుతుంది. రెండో దశలో కరవైతే పోచ పలచబడి, పాలు పట్టని గింజలా బోలుగా ఉండిపోతుంది. చెలకలో అక్టోబరు బెట్ట వచ్చిందంటే ఆఖరి కాపు దూది ఎందుకు తేలిపోతుందో అర్థమైంది కదా!

పింజను కొలిచే విద్యకు మన దేశంలో నూరేళ్లు నిండాయి. 1924లో ముంబయిలో మొదలైన పత్తి సాంకేతిక ప్రయోగశాలే ఇప్పటి కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ 'సర్కాట్'. పొలం పరీక్షల్లో పండిన ప్రతి రకం దూదీ అక్కడికో, దాని శాఖలకో వెళ్లి మార్కులు వేయించుకోవాలి. పింజ పొడవు ఎన్ని మిల్లీమీటర్లు? పోచలన్నీ సమానంగా ఉన్నాయా? లాగితే ఎంత బలానికి తెగుతుంది? ఎంత సన్నం, ఎంత పక్వం? ఈ చివరిదాన్ని 'మైక్రోనేర్' అంటారు. తూచిన దూదిలోంచి గాలి పంపి, ఎంత సులువుగా వెళ్తుందో చూసి లెక్కిస్తారు. అంకె మరీ తక్కువైతే పోచ పక్వం కాలేదని, మరీ ఎక్కువైతే ముతక అని గుర్తు.

ఇదంతా మిల్లు గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? మీ బీరువాలో గద్వాల చీర ఉంటే ఒకసారి తీయండి. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ నూలు అంత మెత్తగా, సన్నగా రావాలంటే పొడవాటి పింజ కావాలి. నూలుకు కౌంటు అని ఒక కొలత ఉంది. ఒక పౌండు దూదితో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత కౌంటు. 80 కౌంటు నూలంటే పౌండు దూదితో 67,200 గజాలు. అంటే అర కిలో కన్నా తక్కువ దూదిలోంచి 61 కిలోమీటర్ల దారం! పొట్టి పింజతో అది సాధ్యం కాదు. మధ్యలోనే తెగుతుంది.

మార్కెట్ కూడా ఆ లెక్కనే డబ్బిస్తుంది. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర మధ్యరకం పింజకు క్వింటాలు 7,710, పొడవు పింజకు 8,110 రూపాయలు. పూర్తి ధర పొందాలంటే పొడవు పింజ 29.5 నుంచి 30.5 మిల్లీమీటర్లు, మైక్రోనేర్ 3.5 నుంచి 4.3 మధ్య ఉండాలి. తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే సీసీఐ కొనదు. ఇందులో ఓ తమాషా ఉంది. ఈ శ్రేణి పత్తిని వ్యాపారులు ఇప్పటికీ 'బన్ని-బ్రహ్మ' అనే పిలుస్తారు. ఒకప్పుడు రైతులు మెచ్చి వేసిన హైబ్రిడ్ల పేర్లవి. గింజ పేరు చివరికి గ్రేడు పేరైపోయింది!

తక్కెడలో ఎవరి లాభం?

ఇక్కడే రైతుకూ మిల్లుకూ మధ్య దాగిన లెక్క ఒకటుంది. రైతు అమ్మేది గింజతో కలిసిన పత్తి. మిల్లుకు కావలసింది గింజ తీసిన దూది. నూరు కిలోల పత్తిలో దూది మామూలుగా 33 నుంచి 36 కిలోల దాకా వస్తుంది. మిగతాది చాలావరకు గింజే.

ఊహకు రెండు రకాలు తీసుకుందాం. మొదటిది ఎకరాకు 8 క్వింటాళ్లు, దూది 33 శాతం. రెండోది ఏడున్నర క్వింటాళ్లు, దూది 36 శాతం. మొదటిదానిలో దూది 264 కిలోలు. రెండోదానిలో 270. దేశానికి, మిల్లుకు రెండోదే మంచి రకం. మరి రైతుకు? ఒకే ధర లెక్కన క్వింటాలు 8,110కి అమ్మితే మొదటిదానికి 64,880 రూపాయలు, రెండోదానికి 60,825. మంచి దూది పండించినవాడికి 4,055 రూపాయలు తక్కువ!

దూది శాతం ఎక్కువున్న రకాన్ని ఎంచుకోండని రైతుకు చెబుతాం. తూకం దగ్గర ఆ శాతానికి విడిగా పైసా ఇవ్వం. ఇక రైతు బరువైన కాయ వెనక పరుగెత్తాడంటే తప్పెవరిది? రకాల పరీక్షలో పింజకు వేసిన మార్కులు రైతు చేతికొచ్చే రసీదులోనూ కనిపిస్తేనే ఆ పరీక్ష పూర్తయినట్టు.

నడిగడ్డలో ఇంకో పరీక్ష

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. దేశమంతా వేసే పత్తి హైబ్రిడ్ల గింజల్లో పెద్ద భాగం పుట్టేది ఈ ఇలాకాలోనే. హైబ్రిడ్ అంటే రెండు రకాల సంతానం. ఆ గింజల్ని దాచి మరుసటి ఏడు వేస్తే మొక్కలు తలో తీరుగా వస్తాయి. అందుకే ఏటా కొనాలి, ఏటా ఎవరో ఒకరు తయారు చేయాలి. సాయంత్రం పూట ఆడమొక్క మొగ్గలోంచి కేసరాలను గోటితో గిల్లి తీసేస్తారు. మర్నాడు పొద్దున్నే మగపువ్వు పుప్పొడి దానికి రుద్దుతారు. ఒక్కో పువ్వుకూ ఇదే తంతు. రోజుల తరబడి, వేల పువ్వులు.

ఆ పనికి చిన్న వేళ్లు కావాలన్న సాకుతో ఆడపిల్లల్ని బడి మాన్పించి చేలకు తెచ్చిన చరిత్ర ఉంది. 2000ల తొలి ఏళ్లలో దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు ఆ సంగతిని ప్రపంచం ముందు పెట్టాకే కంపెనీల మీద ఒత్తిడి వచ్చింది. మనం కొనే ఆ సంచి వెనక ఇంత కథ ఉంది.

ఇలా తయారైన గింజలకూ పొలం పరీక్ష ఉంది. ప్రతి లాటులోంచి కొన్ని గింజలు తీసి నాటి, మొక్కలు పెద్దయ్యాక అన్నీ ఆ హైబ్రిడ్ లక్షణాలతోనే ఉన్నాయా, కల్తీ ఎంత అని చూస్తారు. గ్రో అవుట్ టెస్ట్ అంటారు. అందులో లాటు ఫెయిలైతే దెబ్బ పడేది గింజలు పండించిన రైతు మీదే. నడిగడ్డలో ఈ పరీక్ష పేరు వింటే పదో తరగతి ఫలితాలకన్నా ఎక్కువ భయపడతారు. ఎంతమంది ఎదుట, ఎవరి పొలంలో, ఏ లెక్కన పరీక్షించారో రైతుకు తెలియాలన్న డిమాండు న్యాయమైనది.

దగ్గర దగ్గరగా...

ఇప్పుడు కొత్త పరీక్ష నడుస్తోంది. అచ్చు తీసి మూడడుగులకో మొక్క పెడితే ఎకరాకు 4,840 మొక్కలు. సాళ్ల మధ్య 90 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 15 సెంటీమీటర్లు పెడితే దాదాపు 30,000. ఒక్కో చెట్టుకు కాయలు తగ్గినా చెట్లెక్కువ కాబట్టి దిగుబడి పెరుగుతుందని, అన్నీ ఒకేసారి కాసి వానలు పోకముందే పంట చేతికొస్తుందని ఆశ. ఎత్తు పెరగకుండా మెపిక్వాట్ క్లోరైడ్ చల్లుతారు. 2023-24లో నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో తెలంగాణ సహా ఎనిమిది రాష్ట్రాల రైతుల పొలాల్లో దీన్ని పెద్దఎత్తున మొదలుపెట్టారు. లోతు తక్కువ నేలలకే ఇది ఎక్కువ అనువని శాస్త్రవేత్తల మాట. అంటే మన చెలకలకే!

బాగానే ఉంది. కాకపోతే గింజల ఖర్చు రెండు, మూడింతలవుతుంది. ఏపుగా, గుబురుగా పెరిగే హైబ్రిడ్‌ను ఇరుకుగా వేస్తే చేను అడవై పురుగుకు ఇల్లవుతుంది. ఇక్కడా ఏ రకం, ఏ నేల, ఎంత దూరం అన్నది ఊరూరా తేలాల్సిందే.

మీ చేనే ప్రయోగశాల

గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త వరంగల్ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగి 2007లో ఒక పరిశోధన ప్రచురించాడు. రైతులు గింజల పేర్లను ఎంత వేగంగా మారుస్తున్నారంటే, ఒకదాని గుణం తెలుసుకునే లోపే ఇంకోటి పట్టుకుంటున్నారని ఆయన గమనించాడు. ఒక ఏడు ఊరంతా ఒకటే పేరు. మరుసటి ఏడు దాని ఊసే ఉండదు. చేతిలో ఉన్న విద్య ఇలాగే జారిపోతుందని ఆయన హెచ్చరిక.

ఆ విద్యను వెనక్కి తెచ్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. మీ ఇంట్లో పత్తి చేను ఉంటే, పన్నెండు గుంటలు చాలు.

• మూడు రకాలు తీసుకోండి. అందులో ఒకటి మీరు నిరుడు వేసినదే కావాలి. అదే మీ 'చెక్'.

• సాలుకూ సాలుకూ మూడడుగులు. ఒక్కో రకం నాలుగు సాళ్లు, 121 అడుగుల పొడవు. మూడు రకాలూ అయ్యాక వరుస మార్చి మళ్లీ, ఇంకోసారి మార్చి మళ్లీ. మొత్తం 36 సాళ్లు. సరిగ్గా 12 గుంటలు.

• ఒకేరోజు విత్తండి. ఎరువు, మందు అన్నింటికీ సమానంగా. నచ్చినదానికి ఒక బుక్కెడు ఎక్కువ వేశారో, పరీక్ష చెడినట్టే!

• ప్రతి నాలుగు సాళ్లలో మధ్య రెండే ఏరి విడిగా తూచండి. ఆ రెండు సాళ్లు ఎకరంలో 60వ వంతు. కిలోలను 60తో గుణిస్తే ఎకరా దిగుబడి. 13 కిలోలైతే 7 క్వింటాళ్ల 80 కిలోలు.

• మొదటి ఏరుడు, ఆఖరి ఏరుడు వేర్వేరుగా రాయండి. ఏది ముందు కాసిందో, ఏది బెట్టకు ఆగిందో అక్కడే తెలుస్తుంది. అమ్మేటప్పుడు కూడా ఆ రెండింటినీ కలపొద్దు. ఆఖరి కాపు బోలు దూది మొదటి కాపు గ్రేడును కూడా లాగేస్తుంది.

• ఒక్కో రకంలో కిలో పత్తి తీసి, గింజ వేరుచేసి దూది తూచండి. 330 గ్రాములా, 360 గ్రాములా?

• ఖాళీ సంచి, బిల్లు పారేయకండి. గింజ మోసం చేస్తే మీ తరఫున మాట్లాడే సాక్షులు అవే.

లెక్క రాసే పని బడికెళ్లే పిల్లలకు అప్పగించండి. గుణకారాలు, సగటులు పుస్తకంలోకన్నా చేనులో బాగా వంటబడతాయి. ఒక్క ఏడాది ఫలితం చూసి గంతులేయొద్దు. వానలు బాగున్న ఏడు, బాగాలేని ఏడు రెండూ చూశాకే ఒక మాటనుకోండి. ఊళ్లో అయిదుగురు రైతులు ఇలా వేసి లెక్కలు పక్కపక్కన పెడితే, ఆ ఊరి నేలకు ఏ గింజ నప్పుతుందో ఏ ప్రకటనా చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది. వ్యవసాయ విస్తరణాధికారికి చూపిస్తే ఆయనకూ పనికొస్తుంది.

పట్నంలో ఉండి ఇది చదువుతున్నవారికీ ఒక మాట. ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు "పత్తి ఎంత వచ్చింది పెద్దనాయినా?" అని అడిగి ఊరుకోకండి. "ఏ గింజ పెట్టిన్రు? ఏ చెలకల? నిరుటి దానికన్న ఎంత ఎక్కువొచ్చింది?" అని కూడా అడగండి. జవాబు కోసం ఆయన ఈసారి తూచి రాసుకుంటాడు.